మా ఇంటి అడ్మిన్ పెత్తనం

మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. 2020 లాక్‌డౌన్‌లో నా ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నారు. ఆ క్లాసులు అయిపోయాయి, ఇంజనీరింగ్‌లో చేరాక నాకు ల్యాప్‌టాప్ వచ్చింది, అది మాత్రం తెనాలిలో మా హాల్లో కిటికీ పక్కనే ఉండిపోయింది. ప్రింటరూ స్కానరూ దానికే తగిలించి ఉంటాయి కాబట్టి ఇంట్లో అందరికీ దానితోనే పని. పొద్దున తాతయ్య, మధ్యాహ్నం అమ్మ, రాత్రి నాన్న.

ముగ్గురూ మెయిల్ చూస్తారు. ముగ్గురివీ మూడు పద్ధతులు. తాతయ్య థండర్‌బర్డ్ తప్ప ఇంకోటి ముట్టుకోరు. నాన్నది అవుట్‌లుక్. అమ్మ ఏ ప్రోగ్రామూ వాడదు. బ్రౌజర్ తెరిచి, జీమెయిల్‌లోకి వెళ్ళి, చూసుకుని, పని కాగానే సైన్ అవుట్ చేసి లేస్తుంది. గ్యాస్ కట్టేసిందో లేదో చూసి రమ్మని ఒక్కోసారి నన్ను పంపిస్తుంది గానీ, సైన్ అవుట్ చేయడం మాత్రం ఎప్పుడూ మర్చిపోదు.

ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ కంప్యూటర్‌కి అడ్మిన్‌ని నేనే. ఎవరూ నియమించలేదు. "అబ్బాయి చూసుకుంటాడులే" అన్నారు, అంతే. ఆ పదవిలో ఉండి మొన్న దసరాకి నేనొక పని చేశాను. దాంతో నాకొక అభిప్రాయం ఏర్పడింది. అది ముందే చెప్పేస్తాను: ఇంట్లో ఒకరు ఏ మెయిల్ ప్రోగ్రాం వాడాలో ఇంకొకరు నిర్ణయించకూడదు. మనకి ఎంత తెలిసినా సరే, వాళ్ళకి ఎంత తక్కువ తెలిసినా సరే.

ఇదీ ఒక సమస్యేనా అంటారేమో. దసరా ముందు వరకూ నేనూ అలాగే అనేవాణ్ణి.

సెలవులకి హాస్టల్ నుంచి బయల్దేరాను. బాపట్లలో రైలెక్కితే అప్పికట్ల, నిడుబ్రోలు దాటి తెనాలి ఎంతసేపు! ఆ కాస్త దార్లోనే ప్లాన్ వేసేసుకున్నాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్‌కి 2025 అక్టోబర్ 14 ఆఖరి తేదీ. బ్యాంకు పనులూ జీఎస్టీ పనులూ జరిగే కంప్యూటర్‌ని సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా వదిలేయకూడదు. విండోస్ 11 వేయాలి. ఇంతవరకూ నా ఆలోచనలో తప్పు లేదు. ఇప్పటికీ లేదనే అంటాను.

తప్పంతా దాని తర్వాత వచ్చిన ఆలోచనలో ఉంది. ఎలాగూ అన్నీ తీసి మళ్ళీ వేస్తున్నాం కదా, పన్లో పని మెయిల్‌ని కూడా ఒక దారికి తెద్దాం అనుకున్నాను. ముగ్గురికి మూడు ప్రోగ్రాములేంటి? వారానికోసారి నాకు ఫోన్ వస్తుంది, "ఒరేయ్, అటాచ్‌మెంట్ తెరుచుకోవట్లేదు" అని. నేను ల్యాబ్‌లో ఉంటాను. ఏ ప్రోగ్రామో అడగాలి, ఆ స్క్రీన్ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలి, "పైన మూడు గీతలుంటాయి చూడు" అని చెప్పాలి. అందరికీ ఒకే ప్రోగ్రాం అయితే ఒకేసారి నేర్పేయొచ్చు. ఆ తర్వాత వాళ్ళలో వాళ్ళే అడిగి తెలుసుకుంటారు.

దానికి తోడు నేను ఓపెన్ సోర్స్ అభిమానిని. థండర్‌బర్డ్ 1.0 వచ్చింది 2004 డిసెంబర్‌లో. అంటే అది నాకంటే పెద్దది. డబ్బు కట్టక్కర్లేదు, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. తాతయ్యకి ఎలాగూ అలవాటే, నాన్నా అమ్మా మారితే చాలు. కొత్త వెర్షన్ దించి ముగ్గురి అకౌంట్లూ అందులో పెట్టాను. యూనిఫైడ్ ఫోల్డర్స్ అని అందులో ఒక సౌకర్యం ఉంది. ఎన్ని అకౌంట్లున్నా అన్ని ఇన్‌బాక్సులూ కలిపి ఒక్కటిగా చూపిస్తుంది. అదీ ఆన్ చేశాను. కొత్త మెయిల్ రాగానే స్క్రీన్ మూలన చిన్న పెట్టెలో కనపడేలా నోటిఫికేషన్లు కూడా పెట్టాను.

అమ్మని పిలిచి "పాస్‌వర్డ్ కొట్టమ్మా" అన్నాను.

"ఎందుకురా, నాకు బ్రౌజర్‌లో బానే ఉందిగా?"

"అన్నీ ఒకచోటే ఉంటాయమ్మా. నీకే ఈజీ."

కుర్చీ వెనక నిలబడి కాసేపు చూసింది. తర్వాత కొట్టింది. కొడుకు అడిగాడని కొట్టింది. నేను దాన్ని ఒప్పుకోవడం కింద లెక్కేసుకున్నాను.

మొదటి దెబ్బ నాన్నకి తగిలింది. నాన్న తెనాలిలో కొన్ని షాపులకీ రైసు మిల్లులకీ లెక్కలు చూస్తారు. ఒక మిల్లు యజమానికి స్టేట్‌మెంట్ పంపడానికి కొత్త మెయిల్ మొదలుపెట్టారు. కొత్త మెయిల్ డిఫాల్ట్ అకౌంట్ నుంచి పోతుంది. నేను ముందుగా పెట్టింది తాతయ్య అకౌంట్ కాబట్టి డిఫాల్ట్ అదే. స్టేట్‌మెంట్ తాతయ్య పేరు మీద వెళ్ళింది. అవతలాయన ఫోన్ చేసి "ఏంటండీ, పెద్దాయన మళ్ళీ ఉద్యోగంలో చేరారా?" అని అడిగారట. ఇంట్లో అందరం నవ్వుకున్నాం, నాన్న తప్ప.

"నాకు ఒక్కో పార్టీకి ఒక్కో ఫోల్డరుంది. మెయిలొస్తే దానంతటదే ఆ ఫోల్డర్‌లోకి పోతుంది. జీఎస్టీ రిటర్న్‌లకి 11 అనీ 20 అనీ తారీఖులుంటాయి, రెండ్రోజుల ముందే క్యాలెండర్ గుర్తుచేస్తుంది. అవన్నీ ఏవిరా?" అన్నారు. అవన్నీ థండర్‌బర్డ్‌లోనూ చేసుకోవచ్చు. చేసి చూపిస్తానని కూడా అన్నాను. కానీ ఆయన చెబుతున్నది ఫీచర్ల గురించి కాదని తర్వాత అర్థమైంది. మా నాన్నకి ఆఫీసు గది లేదు. హాల్లో టీవీ మోగుతుంటుంది, వంటింట్లో కుక్కర్ కూస్తుంటుంది. ఆ మధ్యలో కూర్చుని అవుట్‌లుక్ తెరిస్తే ఆయన ఆఫీసులో ఉన్నట్టు. అందులో ఇంటి మెయిల్ ఒక్కటీ ఉండదు. నేను ఆ ఆఫీసుని తీసుకొచ్చి ఇంట్లో కలిపేశాను.

రెండోది తాతయ్య విషయం. తాతయ్య బాపట్ల వ్యవసాయ కళాశాల ఆఫీసులో పనిచేసి 2003లో రిటైరయ్యారు. రిటైరైన డబ్బులో కొంత పెట్టి కంప్యూటర్ కొన్న మనిషి. అమెరికాలో ఉన్న తమ్ముడికి, అంటే మా చిన్న తాతయ్యకి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఉత్తరాలు రాస్తారు. ఇంగ్లీషు మీడియం వాణ్ణి కదా, తెలుగు అక్షరాల్లో కంటే ఆయన మెయిల్స్ నేను గడగడా చదవగలను. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు.

ఆయన మెయిల్ వాడే పద్ధతి ఈ రోజుల్లో ఎవరికీ అర్థం కాదు. సాయంత్రం నెట్ ఆపేసినట్టుగా ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని రాస్తారు. సెండ్ నొక్కితే అది అవుట్‌బాక్స్‌లో కూర్చుంటుంది. పొద్దున కాఫీ తాగాక మళ్ళీ చదివి, దిద్ది, అప్పుడు ఆన్‌లైన్‌కి వచ్చి పంపిస్తారు. టెలిఫోన్ లైన్ మీద నెట్ వచ్చే రోజుల్లో మొదలైన అలవాటు అది. ఎంతసేపు కనెక్ట్ అయి ఉంటే అంత బిల్లు, ఆ లోపు ఇంటికి ఫోన్లు రావు. అందుకని రాయడం ఆఫ్‌లైన్‌లో, పంపడం ఒక్కసారిగా. బిల్లు భయం ఎప్పుడో పోయింది. అలవాటు మాత్రం ఇంకో పనికి మిగిలింది: రాత్రి కోపం పొద్దుటికి చల్లారేది.

ఇవేమీ నాకు తెలియదు. పాత డేటా కాపీ చేసి థండర్‌బర్డ్ తెరవగానే, పంపని మెయిల్స్ ఉన్నాయి, ఇప్పుడు పంపమంటారా అని అడిగింది. పాపం తాతయ్యకి తెలియక ఇరుక్కుపోయి ఉంటాయిలే అనుకుని, యెస్ నొక్కాను. అందులో ఒకటి చిన్న తాతయ్యకి. రేపల్లె దగ్గర ఇద్దరికీ కలిపి కొంచెం పొలం ఉంది. దాని కౌలు సంగతి రాస్తూ తాతయ్య ఒక వాక్యం రాశారట, నువ్వక్కడ హాయిగా కూర్చుని గట్టు తగాదాలన్నీ నా నెత్తిన పెట్టావు అని. పొద్దున తీసేద్దామనుకున్న వాక్యం అది. వెళ్ళిపోయింది. వారం రోజులు అటునుంచి జవాబు లేదు. తాతయ్య నన్నేమీ అనలేదు. రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని "గెట్ మెసేజెస్ బటన్ ఎక్కడికి పోయిందిరా?" అని మాత్రం అడిగేవారు. 2023లో వచ్చిన 115వ వెర్షన్‌తో థండర్‌బర్డ్ రూపం చాలా మారింది. ఆయన దానికి ముందుదే వాడుతున్నారు. ఎనభై ఏళ్ళ మనిషికి జవాబు కోసం ఎదురుచూడటం ఒక బాధైతే, చూసే బటన్ కనపడకపోవడం ఇంకో బాధ.

మూడోది అమ్మ విషయం. దీన్ని రాయొచ్చా అని అమ్మని అడిగాను. రాసింది చూపించాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. మిగిలింది ఇది.

ఒక రాత్రి నాన్న పని చేసుకుంటుంటే స్క్రీన్ మూలన చిన్న పెట్టె లేచింది. పంపినవాళ్ళ పేరు, విషయం, మొదటి రెండు ముక్కలు. అమ్మ రేపల్లెలో ఒక స్కూల్లో టీచర్ ఉద్యోగానికి అప్లై చేసింది, వాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మంటున్నారు. అమ్మ పెళ్ళికి ముందే బీఎడ్ చేసింది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి ఉద్యోగం మాట వస్తే నాన్న "ఇప్పుడెందుకులే, వాడి చదువు ఒక దారికి రానీ" అన్నారు. ఆయనకి ఆ మాట గుర్తు కూడా లేదు. అమ్మకి గుర్తుంది.

నాన్న కోప్పడలేదు. "నాకు చెప్పలేదేం?" అన్నారు. ఒక్క మాటే. "నేను వద్దంటానా?" అని ఇంకోసారి. తర్వాత రెండు రోజులు ఇంట్లో అందరం అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. ఉప్పు అందుకో, తలుపేసిరా, అంతే.

నేను వంటింట్లోకి వెళ్ళి "నాన్నకి చెప్పొచ్చు కదమ్మా" అన్నాను. ఇంకా నా తప్పు నాకు తట్టలేదు చూడండి. అమ్మ అంది: "వస్తే అందరికీ చెప్దామనుకున్నా. రాకపోతే నాకొక్కదానికే తెలిస్తే చాలనుకున్నా. రాలేదని తెలిస్తే మీరందరూ ఓదారుస్తారు. అది నాకొద్దు." కాసేపాగి, "నేను బ్రౌజర్ ఎందుకు వాడతానో ఒక్కసారి అడిగావురా నువ్వు?" అంది.

అడగలేదు. నా లెక్కలో అమ్మ బ్రౌజర్ వాడేది వేరేది రాక.

సెలవులయ్యాక హాస్టల్‌కి తిరిగొచ్చి దీని గురించి చదివాను. 1996 జూలై 4న హాట్‌మెయిల్ మొదలుపెట్టిన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అప్పటికి వేరేచోట ఉద్యోగాలు చేస్తూ, సొంత కంపెనీ గురించి ఆలోచనలు రాసుకుంటున్నారు. ఆఫీసు కంప్యూటర్ నుంచి సొంత మెయిల్ చూసుకోవడం కుదిరేది కాదు. ఆ ఇబ్బందిలోంచే, ఏ కంప్యూటర్ దగ్గరైనా సరే బ్రౌజర్ తెరిచి మెయిల్ చూసుకుని వెళ్ళిపోయే ఏర్పాటు పుట్టింది. అంటే బ్రౌజర్ మెయిల్ పుట్టిందే తనది కాని కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కోసం. మా అమ్మ దాన్ని సరిగ్గా దాని పనికే వాడుతోంది. టెక్నాలజీ తెలియనిది అమ్మకి కాదు, నాకు.

తాతయ్య పద్ధతికీ ఇలాంటి కారణమే ఉంది. ఆయన వాడేది పాప్ అనే పద్ధతి. పోస్టాఫీసుకి వెళ్ళి మన ఉత్తరాలు మనం ఇంటికి తెచ్చుకోవడం లాంటిది. నేను అందరికీ పెట్టింది ఐమ్యాప్. ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి, మనం ఎక్కడినుంచైనా వెళ్ళి చదువుకుంటాం. మా క్లాసులో అడిగితే అందరూ రెండోదే మంచిదంటారు. కానీ ఒకప్పుడు ఆ పోస్టాఫీసులో మనకిచ్చే అర చాలా చిన్నది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ జోకు అనుకున్నారు, ఎందుకంటే అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ. ఆ కాలంలో మెయిల్ మొదలుపెట్టినవాళ్ళకి ఉత్తరం ఇంటికి తెచ్చుకుంటేనే మనది. తాతయ్య ఇప్పటికీ "అది నా కంప్యూటర్లో ఉందా, వాళ్ళ కంప్యూటర్లో ఉందా?" అని అడుగుతారు. క్లౌడ్ గురించి ఇంతకంటే మంచి ప్రశ్న మా క్లాసులో ఎవరూ అడగలేదు.

ఇక నా వాదనకి వస్తాను. ఇష్టం అని మనం కొట్టిపారేసేదాని లోపల చాలాసార్లు ఒక అవసరం ఉంటుంది. ఆ మనిషి దాన్ని మాటల్లో చెప్పలేకపోవచ్చు. చెప్పడం ఇష్టం లేకపోవచ్చు కూడా. నాన్నది పని చోటు, తాతయ్యది ఒక రాత్రి వ్యవధి, అమ్మది కాస్త చాటు. ముగ్గురూ నాతో అన్నది మాత్రం ఒకటే మాట, "నాకు ఇదే అలవాటురా". సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టులో మనం రిక్వైర్‌మెంట్స్ సేకరించడం గురించి పేజీలు పేజీలు రాస్తాం. నాకు అందులో మంచి మార్కులే వచ్చాయి. ఇంట్లో ముగ్గురు యూజర్లుంటే ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడగలేదు.

దీనికి ఎదురు వాదనలున్నాయి. నా రూమ్మేట్ కూడా వాదించాడు.

మొదటిది, బాగుచేసేవాడి కష్టం. అన్నీ వేర్వేరుగా ఉంటే చూసుకునేవాడు చావాలా అని. న్యాయమైన మాటే. కానీ ఈమెయిల్‌లో అందరికీ ఒకేలా ఉండాల్సినది ఇప్పటికే ఒకేలా ఉంది. 1971లో రే టామ్లిన్సన్ ఆర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మెయిల్ పంపుతూ మనిషి పేరుకీ కంప్యూటర్ పేరుకీ మధ్య ఎట్ గుర్తు పెట్టాడు. 1982లో జాన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ ప్రమాణం రాశాడు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ మొదలుపెట్టాడు. ఇవన్నీ ఉత్తరం ఎలా ప్రయాణించాలో, ఎలా అందాలో చెబుతాయి. చదివేవాడి స్క్రీన్ ఎలా ఉండాలో ఒక్కటీ చెప్పదు. అందుకే తాతయ్య థండర్‌బర్డ్‌లో రాసింది చిన్న తాతయ్య ఫోన్‌లో చదువుతారు, ఆయన ఏం వాడుతున్నారో ఈయనకి తెలియక్కర్లేదు. వాట్సాప్‌కి వచ్చింది ఇక్కడ మనం వాట్సాప్‌లోనే తెరవాలి. ఈమెయిల్ అలా కాదు. కింద ఒకే రోడ్డు, పైన ఎవరి బండి వాళ్ళది. నలభై ఏళ్ళుగా ఉన్న ఆ వెసులుబాటుని నేను నా ఫోన్ కాల్స్ తగ్గుతాయని మా హాల్లో రద్దు చేశాను.

రెండోది, సెక్యూరిటీ. పాతవి పట్టుకుని వేలాడితే ప్రమాదం కదా అని. ఇది నేనూ ఒప్పుకుంటాను. సపోర్ట్ ఆగిపోయినదాన్ని మార్చాల్సిందే. థండర్‌బర్డ్ పాత వెర్షన్ని అప్‌డేట్ చేయడం కూడా సరైన పనే. అక్కడ ఇష్టాయిష్టాలు లేవు. కానీ ఈ వాదనని నేను ఎలా వాడుకున్నానో చూడండి. మార్చాల్సింది విండోస్‌ని, తాతయ్య వెర్షన్‌ని. ఆ సందులో అవసరం లేని మూడు మార్పులు దూర్చాను. పైగా తప్పనిసరి మార్పుకైనా ఒక మర్యాద ఉంటుంది. ముందు చెప్పాలి, పక్కన కూర్చోవాలి, బటన్ ఎక్కడికి పోయిందో వాళ్ళు అడగకముందే చూపించాలి.

మూడోది నాన్న వాదన. దీనికి జవాబు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. సెలవులు అయిపోయేలోపు అన్నీ పాతపద్ధతికి మార్చేసి, విండోస్‌లో ముగ్గురికీ మూడు యూజర్ అకౌంట్లు, మూడు పిన్ నంబర్లు పెడతానన్నాను. నాన్న "ఒకే ఇంట్లో ఒకరికొకరు తాళాలేంట్రా? మన మధ్య దాపరికాలేంటి?" అన్నారు. నేను ప్రైవసీ గురించి ఏదో చెప్పబోయాను. ఇంగ్లీషులో చదువుకున్నదంతా ఆ హాల్లో చాలా పలచగా వినపడింది.

అప్పుడు తాతయ్య మాట్లాడారు. "మన రేపల్లె ఇంటికి కార్డులూ వచ్చేవి, ఇన్‌లాండ్ లెటర్లూ వచ్చేవి. కార్డు పోస్ట్‌మేన్‌తో సహా అందరూ చదివేవాళ్ళు. ఇన్‌లాండ్ లెటరు మాత్రం ఎవరి పేరు మీదుంటే వాళ్ళే చింపాలి. మీ అమ్మకి వాళ్ళన్నయ్య రాసినవి నేనెప్పుడైనా చింపానా? దాపరికమని అనుకున్నానా?"

నాన్న ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ మాట పట్టుకున్నాను. కార్డు ఖరీదు 50 పైసలు, ఇన్‌లాండ్ లెటరు 2 రూపాయల 50 పైసలు. రెండిటినీ మోసేది అదే పోస్ట్‌మేన్, ఇచ్చేది అదే గుమ్మంలో. ఆ రెండు రూపాయల తేడాకి మనకొచ్చేది ఒక మడత, కాస్త బంక. అమ్మ రోజూ మర్చిపోకుండా చేసే సైన్ అవుట్ ఆ బంకే. నేను దాన్ని ఊడదీసి, ఇన్‌లాండ్ లెటర్‌ని కార్డు చేసి హాల్లో పెట్టాను.

ప్రైవసీని తెలుగులో ఏమంటారని తర్వాత తాతయ్యని అడిగాను. గోప్యత అన్నారు. వెంటనే ఆయనే "ఆ మాట ఇంట్లో ఎవడూ అనడులే, చాటు అను చాలు" అన్నారు. దాపరికం ఒకరు చేసేది. చాటు మనం ఇంకొకరికి ఇచ్చేది. ఇరుకు ఇళ్ళలో కూడా చీర కట్టుకోవడానికి, కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఎవరికి కావాల్సిన చాటు వాళ్ళకి మిగతావాళ్ళు వదిలేవాళ్ళు. ఆ పనే కంప్యూటర్లో చేయాలంటే ఒక పిన్ నంబరు కావాలి. అంతే తేడా.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇలా ఉంది. ఎవరి యూజర్ అకౌంట్ వాళ్ళది. ఒకరి నుంచి ఇంకొకరికి మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఎవరూ విసుక్కోవట్లేదు. నాన్నకి అవుట్‌లుక్ తిరిగొచ్చింది, ఫోల్డర్లతో సహా. తాతయ్యది కొత్త వెర్షనే, కానీ పాప్ పద్ధతిలోనే, ఆఫ్‌లైన్‌లో తెరుచుకునేలా పెట్టాను. ఒకవేళ హార్డ్ డిస్క్ పోతే ఉత్తరాలు పోకూడదు కాబట్టి సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచే ఆప్షన్ ఆన్ చేశాను. ఈసారి ఆయన్ని అడిగే చేశాను. "అంటే వాళ్ళ దగ్గరా ఉంటుంది, నా దగ్గరా ఉంటుంది, అంతేగా? ఉంచు" అన్నారు. నెలకోసారి బయటి డిస్క్‌లోకి బ్యాకప్ తీయడం నా పని. అమ్మ మళ్ళీ బ్రౌజర్‌కి వెళ్ళిపోయింది. తన అకౌంట్‌కి తనదైన పిన్ ఉన్నా, లేచేటప్పుడు జీమెయిల్ నుంచి సైన్ అవుట్ చేస్తూనే ఉంది. "ఇప్పుడు అవసరం లేదమ్మా" అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

చిన్న తాతయ్య జవాబు రాశారు. ఒకటే లైను: సంక్రాంతికి వస్తున్నా, గట్టు సంగతి వచ్చి చూస్తా. తాతయ్య దాన్ని ప్రింట్ తీయించుకున్నారు. అమ్మ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. రేపల్లె రైలు దాకా నాన్న బండి మీద దింపారు. ఆ తర్వాత ఏమైందనేది రాయొద్దంది కాబట్టి రాయట్లేదు.

ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామంది మీ మీ ఇళ్ళలో నాలాగే అడ్మిన్లు. సంక్రాంతికి ఇంటికెళ్ళగానే "ఇదేంటి, ఇంకా ఇదే వాడుతున్నారా?" అని మొదలుపెడతాం. రేపు ఉద్యోగాల్లో చేరాక ఇదే పని లక్షల మందికి చేస్తాం, వాళ్ళు ఫోన్ చేసి "ఆ బటన్ ఏదిరా?" అని అడగడానికి మనం దొరకం కూడా. కాబట్టి ఈ సంక్రాంతికి ఒక్క పని చేయండి. మౌస్ పట్టుకునే ముందు "నువ్వు ఇది ఎందుకు ఇలా వాడుతున్నావు?" అని అడగండి. జవాబు చెబితే వినండి. "ఊరికే, అలవాటు" అంటే అదీ ఒక జవాబే అనుకుని, మౌస్ వాళ్ళకే వదిలేయండి.